అయ్యగారు రాకుండానే కాఫీ

యోసేపు ముప్పై నాలుగేళ్లు గూడ్స్ బండికి గార్డుగా పనిచేసి మూడు నెలల కింద రిటైరయ్యాడు. బండి పోయింది గానీ టైంటేబుల్ పోలేదు. కాజీపేటలో సోమిడి పోయే దారిలో కట్టుకున్న ఇంట్లో, ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించాడు. ఐదుంబావుకు ఇంటి నుంచి బయలుదేరుట, ఐదున్నరకు రైల్వే గ్రౌండు చేరుట, ఆరుంబావు దాకా నడక, ఆరూ నలభైకి ఇల్లు, ఆరూ నలభై ఐదుకు చాయ్. చాయ్ కింద ఎర్ర పెన్నుతో గీత కూడా గీశాడు. ఆయన భార్య హన్నా ఆ కాగితం ఒకసారి చదివి తన పనిలో పడింది. పెళ్లయిన ముప్పై ఒక్క ఏళ్ల నుంచి ఆమె ఇలాంటి కాగితాలు చాలా చూసింది.

ఆ సోమవారం కూడా అదే ప్లాను. కాకపోతే రోజూ ఐదు రౌండ్లు తిరిగేవాడు ఆరు తిరుగుతానని స్నేహితుడు సారయ్యతో పందెం కాశాడు. సారయ్య కూడా రైల్వేలో చేసి రిటైరైనవాడే. ఇద్దరూ గ్రౌండుకు పోయేసరికి గేటుకు తాళం ఉంది. ఏవో పరుగు పోటీలట, నాలుగు రోజులు ఎవరినీ లోపలికి రానివ్వరట.

"పా, స్టేషన్ ముందట చాయ్ తాగుదాం," అన్నాడు సారయ్య.

"నా చాయ్ ఆరూ నలభై ఐదుకు," అన్నాడు యోసేపు.

"బండి కూడ గంత టైముకు నడిపించలే నువ్వు!" అని సారయ్య తన దారిన తాను పోయాడు. యోసేపు ఇంటి ముఖం పట్టాడు. బండ్లు లేటుగా రావడం ఆయనకు అలవాటే గానీ యాభై నిమిషాలు ముందుగా రావడం సర్వీసులో ఒక్కసారి కూడా ఎరగడు. అదేదో తప్పు చేస్తున్నట్టే గేటు తీశాడు.

గేటు తీయగానే కాఫీ వాసన కొట్టింది.

యోసేపు ముక్కు మామూలు ముక్కు కాదు. బండి నడుస్తుంటే ఎక్కడో ముప్పయ్యో వ్యాగన్ కింద ఇరుసు వేడెక్కితే, వెనక బ్రేక్ వ్యాన్‌లో కూర్చుని వాసన పట్టి బండి ఆపించిన ముక్కు అది. దానికి డివిజన్ ఆఫీసు ఒక సర్టిఫికెట్ కూడా ఇచ్చింది. హాల్లో ఏసుప్రభువు పటం పక్కనే వేలాడుతుంది. కాబట్టి అది కాఫీయేనా అన్న అనుమానం ఆయనకు రాలేదు. వచ్చిన అనుమానం వేరు.

ఆ ఇంట్లో అందరికీ చాయ్. చుట్టాలొస్తే చాయ్, కార్పొరేటర్ ఓట్లకొస్తే చాయ్, బిడ్డ దివ్య హైదరాబాద్ నుంచి వస్తే చాయ్. కాఫీ పెట్టేది మాత్రం ఒకే ఒక్క మనిషికి. చర్చి అయ్యగారు ప్రార్థనకు వచ్చినప్పుడు షోకేసులోంచి పూల కప్పులు దిగుతాయి, వంటింట్లోంచి కాఫీ వస్తుంది. పెళ్లైన కొత్తలో హన్నాయే ఆ మర్యాద మొదలుపెట్టింది. దేవుని సేవకునికి అందరితో పాటు చాయ్ పోస్తే ఏం బాగుంటుందని ఆమె అంటే, తన భార్య భక్తికి యోసేపు మురిసిపోయాడు. అప్పటి నుంచి ముగ్గురు అయ్యగార్లు మారారు, మర్యాద మారలేదు.

మరి పొద్దున్నే ఐదూ యాభైకి కాఫీ వాసన వస్తోందంటే అయ్యగారు వచ్చినట్టే కదా!

యోసేపు చెప్పులు విప్పి నిమ్మళంగా లోపలికి పోయాడు. హాల్లో ఎవరూ లేరు. వంటింట్లో గిన్నెలు తోమే గట్టు మీద పూల కప్పులు రెండు బోర్లించి ఉన్నాయి. రెండు! వాటి పక్కన, అడుగున చిల్లులున్న స్టీలు డబ్బా ఒకటి ఆరబెట్టి ఉంది. ఆ డబ్బాను ఆయన చాలా రోజులుగా చూస్తూనే ఉన్నాడు, పెసలు మొలకెత్తించేది కాబోలు అనుకుంటున్నాడు. పెరట్లో హన్నా కరివేపాకు చెట్టుకు నీళ్లు పోస్తోంది. ఆయనను చూసి ఉలిక్కిపడింది.

"ఇంత జల్ది వచ్చినవేంది? పాణం మంచిగున్నదా?"

"గ్రౌండు బంద్ వెట్టిండ్రు. ఇంటికి ఎవరన్న వచ్చిపోయిండ్రా?"

"గీ యాళ్ల ఎవలొస్తరు? పాలాయన తప్ప," అంటూ ఆమె ముఖం చెట్టు వైపు తిప్పుకుంది.

అదేదో అక్కడే అడిగేస్తే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ గార్డు ఉద్యోగం నేర్పిన పాఠం ఒకటుంది. అనుమానం వస్తే వెంటనే కేకలు వేయొద్దు. చూడాలి, రాసుకోవాలి, ఆ తర్వాతే నోరు విప్పాలి. యోసేపు లోపలికి పోయి చిన్న నోటు పుస్తకంలో రాసుకున్నాడు. ఐదూ యాభై, కాఫీ వాసన, కప్పులు రెండు, అడిగితే లేదన్నది.

మంగళవారం గ్రౌండు బందని తెలిసీ షూ వేసుకుని బయలుదేరాడు. సందు చివరిదాకా పోయి, కాసేపు నిలబడి, ఐదూ నలభై ఐదుకు ప్రహరీ గోడ పక్కకు వచ్చి నిలబడ్డాడు. మళ్లీ అదే వాసన! లోపలి నుంచి గొంతు తగ్గించిన మాటలు. ఆయన లేని సమయం చూసుకుని, రోజూ తెల్లవారగానే అయ్యగారు వచ్చి ప్రార్థన చేసి పోతున్నారంటే ఇంట్లో ఎవరికో పెద్ద జబ్బు. తనకు ఏ జబ్బూ లేదు. ఇక మిగిలింది హన్నా.

ఒక్కసారి ఆ దారిన ఆలోచన పడ్డాక అన్నీ అటే పోయాయి. పోయిన వారం పక్కింటి కమలతో కలిసి హన్నా దవాఖానకు పోయింది. కమల కండ్లకు చూపించుకోవాలట. అబద్ధం! మొన్నొక సాయంత్రం కూర్చున్నదల్లా నిట్టూర్చి, "నేను లేకుంటే నీకు టైముకు చాయ్ ఎవరు పోస్తరో," అంది. ఇంకేం కావాలి? నిజానికి హన్నా ఆ మాట ఏడాదికి నాలుగుసార్లు అంటుంది. కానీ యోసేపు వినడం అదే మొదలు.

పది గంటలకు ఆయన అయ్యగారి ఇంటికి పోయాడు. అయ్యగారు ముప్పై అయిదేళ్ల మనిషి, మంచివాడు, వచ్చి రెండేళ్లే అయింది. సంఘంలో ఏ ఇంటికి ఏ రోజు పోయారో రాసే దర్శనాల రిజిస్టరు ముందు పెట్టుకుని కూర్చున్నారు.

"వందనాలు అయ్యగారూ," అన్నాడు యోసేపు గుమ్మంలోనే నిలబడి. "మా ఇంటి సంగతి నాకు తెలిసిపోయింది. ఇగ మీరు దాయొద్దు."

అయ్యగారి ముఖం పాలిపోయింది. కారణం ఉంది. ఆ రిజిస్టరులో యోసేపు ఇంటి పేరుకు ఎదురుగా నెలనెలా టిక్కులున్నాయి గానీ, ఆయన ఆ గడప తొక్కి చాలా కాలమైంది.

"తప్పయింది యోసేపుగారు," అన్నారు తల దించుకుని. "మీకు ముందుగాల్నే చెప్పాల్సింది. మనసొప్పక చెప్పలేదు."

యోసేపు తలుపు పట్టుకున్నాడు. "ఎంత కాలం అయ్యగారూ?"

"నాలుగు నెలలు."

నాలుగు నెలలు! యోసేపు లెక్కలో హన్నాకు మిగిలింది అంతే. రిటైరయ్యాక హన్నాను తీసుకుని కన్యాకుమారి పోవాలనుకున్నాడు. ఆ మాట ఆమెకు ఇంకా చెప్పనే లేదు. "హన్నాకు తెలుసా?" అన్నాడు.

"అమ్మగారికి తెలవకుండ ఎట్లుంటది? ఇంట్లనే ఉంటరు కదా."

"ఇగ చేసేదేం లేదా?"

"ఎందుకు లేదు? గురువారం తప్పకుండ వస్త. కూడి ప్రార్థన చేద్దాం. జర మనసుల పెట్టుకోకుండ్రి."

యోసేపు అక్కడే కుర్చీలో కూలబడి, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. కండువాతో ముఖం తుడుచుకుని, అయ్యగారి చేతులు రెండూ పట్టుకుని, లేచి వెళ్లిపోయాడు.

అయ్యగారు నోరు తెరుచుకుని అలాగే నిలబడ్డారు. లోపలి నుంచి వచ్చిన అయ్యగారి భార్య, సంఘానికి అమ్మగారు, అసలు సంగతి తేల్చేసింది. "అయ్యగారు నాలుగు నెలల సంది ఇంటికి రాలేదని గంతగనం ఎవరన్న ఏడుస్తరా? ఆయనకేదో పెద్ద బీమారే ఉన్నది." అదీ నిజమే అనిపించింది అయ్యగారికి. మధ్యాహ్నానికల్లా ఫోన్లలో "అర్జెంట్ ప్రేయర్" అని ఒక కొత్త గ్రూపు పుట్టింది. అందులో సంఘమంతా ఉంది, యోసేపూ హన్నా తప్ప. పాపం ఆమెకు తెలిస్తే తట్టుకోలేదని అమ్మగారే ఆమెను తీసి పక్కన పెట్టింది. పన్నెండింటికి యోసేపుగారికి ఒంట్లో బాగాలేదు. రెండింటికి షుగరు బాగా ఎక్కువైంది. నాలుగింటికి కిడ్నీ పాడైంది. ఆరింటికల్లా రెండో కిడ్నీ కూడా పోయి, మిగిలింది నాలుగు నెలలే అయింది. ఇవన్నీ యోసేపుకు తర్వాత తెలిసిన సంగతులు. ఆ సమయానికి ఆయన బజారులో హన్నా కోసం చీర ఎంచుతున్నాడు.

బుధవారం ఆయన నడకకు పోలేదు. మిగిలిన నాలుగు నెలల్లో ఒక్క పొద్దు కూడా ఆమెను విడిచి బయట తిరగొద్దని నిశ్చయించుకున్నాడు. ఐదింటికే లేచి వంటింట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"నడకకు పోవా?" అంది హన్నా.

"పోను."

"రేపు?"

"రేపు గూడ పోను. ఇగ ఎన్నడు పోను. నీతోనే ఉంట."

హన్నా ఆయన వైపు ఒకసారి, గట్టు మీద ఆరబెట్టిన చిల్లుల డబ్బా వైపు ఒకసారి చూసి, చాయ్ పెట్టింది. కమల వెనక తలుపు దాకా వచ్చి, లోపల యోసేపు కూర్చుని ఉండటం చూసి అక్కడి నుంచే వెనక్కి తిరిగింది.

తొమ్మిదింటికి హన్నాకు తలనొప్పి మొదలైంది. పదింటికి తలకు గుడ్డ కట్టుకుంది. పదకొండింటికి కళ్లు మూసుకుని మంచం మీద వాలిపోయింది. యోసేపు మంచం చుట్టూ రెండుసార్లు తిరిగాడు. నిన్నటి దాకా చకచకా తిరిగిన మనిషి! అంట్లు తానే తోమాడు. బట్టలు తానే ఆరేశాడు. ఆరేసిన బట్టలు మళ్లీ అన్నీ తీసి హన్నా సరిగ్గా పిండింది. తలనొప్పితోనే పిండింది. ఆ తర్వాత ఆయన కొత్త చీర తెచ్చి ఆమె ఒడిలో పెట్టాడు.

"ఇదెందుకిప్పుడు? క్రిస్మస్ ఇంక మస్తు దూరమున్నది."

"అప్పటిదాక ఎందుకు ఆగాలె?" అని ముఖం తిప్పుకుని బయటకు పోయాడు.

మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తున్నప్పుడు కమల వచ్చింది. ఆమె ఇంటి మీది పోర్షన్‌లో కిరాయికుండే లావణ్య చర్చి క్వయర్‌లో పాడుతుంది, గ్రూపులోనూ ఉంది. కమల హన్నా చేతులు పట్టుకుని, చెప్పొద్దన్నారంటూనే మొత్తం చెప్పింది. రెండు కిడ్నీలు. నాలుగు నెలలు. నీకు తెలియనియ్యొద్దని ఒట్టు పెట్టిండట.

హన్నా కునుకు తీస్తున్న మొగుడి వైపు తొంగి చూసింది. చీర, అంట్లు, ఇగ ఎన్నడు పోను, నీతోనే ఉంట అన్న మాట, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. పిచ్చి మనిషి, చెప్పకుండా ఎంత దాచుకున్నాడో అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని డోర్నకల్‌లో ఉండే తమ్ముడు బెన్నీకి ఫోన్ చేసింది.

ఆ పూట అన్నంలోకి పప్పు పెట్టింది. కిడ్నీలు పోయిన మనిషికి ఉప్పు విషమని ఎప్పుడో విన్నది, చిటికెడు కూడా వేయలేదు. యోసేపు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. ముప్పై ఒక్క ఏళ్లలో ఏనాడూ ఉప్పు మరిచిపోని మనిషి! జబ్బు తల దాకా పోయిందన్న మాట.

"పప్పు ఎట్లున్నది?" అంది హన్నా భయం భయంగా.

"మస్తున్నది," అన్నాడు ఆయన గుటక మింగుతూ. "ఇంత మంచి పప్పు నేనెన్నడు తినలే. ఇంకొంచెం వెయ్యి."

నాలిక్కి రుచి కూడా తెలియడం లేదని ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు చూసి ఆయనకూ తిరిగాయి. ఇద్దరూ ఒకరికొకరు తెలియకుండా ముక్కులు చీదుకుంటూ, పొయ్యి మీది మిరపకాయల ఘాటని చెప్పుకున్నారు. పొయ్యి మీద అప్పుడు మిరపకాయలేమీ లేవు.

గురువారం పొద్దున పది గంటలకు ఆటో దిగి బెన్నీ వచ్చాడు. డోర్నకల్ స్టేషన్‌లో పనిచేసే భారీ మనిషి. బ్యాగు గుమ్మంలోనే పడేసి, సోఫాలో కూర్చున్న యోసేపును గట్టిగా కావలించుకున్నాడు.

"బావా, నువ్వు ఫికర్ జెయ్యకు. నాది ఓ పాజిటివ్. నా కిడ్నీ తీస్కో."

"ఎందుకురా?" అన్నాడు యోసేపు ఊపిరాడక.

"ఎందుకేంది బావా? నాకు రెండున్నయ్. ఒకటి నీకిస్త. సెలవు గూడ పెట్టి వచ్చిన."

యోసేపు ఇంకా తేరుకోకముందే వీధిలో అలికిడి అయింది. ముందు అయ్యగారు, వెనక అమ్మగారు, ఆ వెనక సంఘం వాళ్లు ఇరవై మంది దాకా. ఒక్కొక్కరి చేతిలో యాపిల్ పండ్ల సంచో, బ్రెడ్డు ప్యాకెట్టో, కొబ్బరి బోండాలో ఉన్నాయి. ఎవరో ముందుచూపు మనిషి ఒక చక్రాల కుర్చీని కూడా తోసుకొచ్చాడు. సారయ్య కూడా వచ్చాడు. వస్తూనే యోసేపును పై నుంచి కింది దాకా చూసి, "సోమారం ఆరు రౌండ్లు కొడతా అని పందెం కాసినవ్ గదరా!" అని భోరుమన్నాడు.

హాలు నిండిపోయింది. అయ్యగారు బైబిలు తెరిచి, "మన ప్రియ సహోదరుడు యోసేపుగారు ఈ కష్టకాలంలో..." అని మొదలుపెట్టారు.

"ఆగుండ్రి అయ్యగారూ," అన్నాడు యోసేపు. "కష్టం నాది గాదు. హన్నాది."

తలకు గుడ్డ కట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డ హన్నా ఉలిక్కిపడింది. "నాకేమైంది?"

"ఇగ దాయకే. నాలుగు నెలలని అయ్యగారే జెప్పిండ్రు."

"నేనా?" అన్నారు అయ్యగారు. "నేను మీ ఇంటికి రాక నాలుగు నెలలైందని కదా చెప్పింది!"

చక్రాల కుర్చీ తెచ్చినాయన దాన్ని మెల్లగా వెనక్కి లాగాడు.

"రాక నాలుగు నెలలా?" అన్నాడు యోసేపు. "మరి సోమారం, మంగళారం పొద్దుగాల వచ్చింది ఎవరు?"

"నేనైతే రాలేదు. పొద్దుగాల నేను లేచేదే ఏడింటికి."

"అయితే బావా, నీ కిడ్నీలు?" అన్నాడు బెన్నీ.

"నా కిడ్నీలకేమైందిరా? మంచిగున్నయ్. ముందు ఈ సంగతి తేలనియ్. పొద్దుగాల ఐదూ యాభైకి మా ఇంట్ల కాఫీ వాసన వచ్చింది. నేను నా ముక్కుతోటి చూసిన. పూల కప్పులు రెండున్నయ్. అయ్యగారు రాకుంటే కాఫీ ఎవరికి?"

హాలంతా హన్నా వైపు తిరిగింది. హన్నా తలకు కట్టిన గుడ్డ విప్పి, మడిచి, చేతిలో పట్టుకుంది.

"నాకు," అంది.

"నీకా?"

"ఒక కప్పు నాకు. ఒకటి కమలకు."

తలుపు దగ్గర నిలబడ్డ కమల చెయ్యెత్తింది. "గిదేందన్నా గిట్లడుగుతవ్? పదేండ్ల సంది ఇద్దరం తాగుతానం. హన్నక్క కాఫీ సంగతి గల్లి గల్లికి తెలుసు. పాలాయన గూడ ఆమె కాఫీకని చిక్కటి పాలు వేరేగ తెస్తడు."

"చిన్నప్పటి సంది మా అక్కది కాఫీయే," అన్నాడు బెన్నీ. "డోర్నకల్ల మా పక్క క్వార్టర్ల తమిళోళ్లుండె. ఆళ్లింట్ల నేర్చుకున్నది. తలంబ్రాల... అదే, పెండ్లినాడు చర్చికి పోయేముందు గూడ రెండు కప్పులు తాగింది. నీకు తెలవదా బావా?"

బెన్నీ ఫోన్‌లో అప్పటికే దివ్య ఉంది. హైదరాబాద్ నుంచి తండ్రి కిడ్నీల కోసం ఏడుస్తూ వీడియో కాల్ చేసిన పిల్ల, ఇంత సేపూ విని పెద్దగా నవ్వేసింది. "డాడీ, పోయిన మదర్స్ డేకు మమ్మీకి ఆ చిల్లుల కాఫీ ఫిల్టర్ కొన్నది నేనే. నీ ముందటనే డబ్బా విప్పిన! ఇంగ్లీష్‌ల ఒక మాట ఉంటది, వేకప్ అండ్ స్మెల్ ద కాఫీ అని. లేచి కండ్ల ముందటున్నది సూడు అని."

"లేచిన, వాసన గూడ చూసిన," అన్నాడు యోసేపు పేలవంగా. "గందుకే గదనే గీ లొల్లంత."

ఆయనకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. హన్నాకు జబ్బు లేదు. ఆ మాట మెల్లమెల్లగా లోపలికి దిగుతుంటే, రెండు రోజులుగా ఛాతీ మీద ఉన్న బరువు దిగిపోయి ప్రాణం లేచి వచ్చింది. దాని వెంటనే సిగ్గు కూడా వచ్చింది. ముప్పయ్యో వ్యాగన్ ఇరుసు వాసన పట్టిన మనిషికి వంటింట్లో ఏముందో తెలియలేదు.

"ముప్పై ఒక్క ఏండ్ల సంది నాకెందుకు జెప్పలే?" అన్నాడు మెల్లగా.

"నువ్వు అడగలే," అంది హన్నా. కోపంగా కాదు, మామూలుగానే. "కొత్తగ వచ్చిన్నాడు మీ అమ్మ చాయ్ గ్లాసు చేతిల పెట్టింది, తాగిన. కాఫీ అనాలంటే సిగ్గయింది. తర్వాత నువ్వు డ్యూటీల మీద తిరిగేది, ఇంట్లుంటే తొమ్మిదింటిదాక పండేది. పొద్దుగాల నేనొక్కదాన్నే పెట్టుకున్న. అట్లనే అలవాటైంది. ఇంట్ల అన్ని నీ టైముకే నడుస్తయ్. ఆ ఒక్కటి నా టైముకు నడుస్తాంటె మంచిగనిపించింది."

అమ్మగారు కొంగుతో కళ్లొత్తుకుంది. సంఘంలోని ఆడవాళ్లు చాలామంది తలలూపారు. వాళ్ల భర్తలు నేల వైపు చూశారు.

"మరి అయ్యగార్లకు కాఫీ పెట్టుడు?" అన్నాడు యోసేపు. ఆయనకు ఇంకొకటి కూడా ఇప్పుడే వెలిగింది.

హన్నా ముఖం ఎర్రబడింది. "ఊరికె నా ఒక్కదాని కోసం కాఫీ పొడి తెమ్మంటే ఏం బాగుంటది? అయ్యగారికని అంటే నువ్వే తెచ్చేటోనివి. ఆయనకు ఒక కప్పు పోసి, మిగిలింది నేను తాగేదాన్ని. మీరేం అనుకోకుండ్రి అయ్యగారూ."

అయ్యగారు బైబిలు మూసి పక్కన పెట్టారు. ఆ రోజు నిజం చెప్పడం అందరికీ వంతులవారీగా వస్తున్నట్టుంది.

"అమ్మా, నేను గూడ ఒకటి చెప్పాలె," అన్నారు. "నాకు కాఫీ అస్సలు పడదు. తాగిన్నాడు కడుపుల మంట. వద్దంటే మీరు బాధపడ్తరని తాగేటోన్ని. నాకంటె ముందున్న అయ్యగారు చార్జ్ ఇచ్చేటప్పుడే చెప్పిండు, యోసేపుగారి ఇంట్ల కాఫీ ఇస్తరు, ఓర్చుకోవాలె అని. ఆయనకు గూడ పడకపోతుండె. గందుకే... నాలుగు నెలల సంది రిజిస్టర్ల టిక్కు పెడ్తాన గానీ మీ గల్లిలకు వస్తలేను."

ముందు సారయ్య నవ్వాడు. తర్వాత కమల. ఆ తర్వాత హాలంతా నవ్వింది. నవ్వీ నవ్వీ హన్నా గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. ఆమె నవ్వు చూస్తూ యోసేపు కూడా నవ్వాడు. ఇంతమందిలో కంటి నీరు తుడుచుకోవడానికి నవ్వు మంచి అడ్డం.

ఆయన లేచి, షోకేసు తెరిచి పూల కప్పు ఒకటి తీశాడు. వంటింట్లోకి పోయి కాఫీ పొడి కోసం పై అరలన్నీ వెతికాడు, బియ్యం డబ్బా వెనక వెతికాడు, చివరికి గట్టిగా కేక వేశాడు.

"ఎక్కడ పెట్టినవే?"

"చాయ్‌పత్తి డబ్బా పక్కనే," అంది హన్నా హాల్లోంచి. "పదేండ్ల సంది ఆడనే ఉన్నది."

కాఫీ ఆయనే పెట్టాడు, ఆమె చెప్తుంటే. డికాక్షన్ దిగేదాకా ఆగాలని తెలియక మూడుసార్లు మూత తీసి చూశాడు. సంఘానికంతటికీ కమల చాయ్ పెట్టింది. అయ్యగారు రెండు గ్లాసులు తాగి, ఈ ఇంట్లో ఇంత మంచి చాయ్ ఉంటుందని తనకు తెలియదన్నారు. హన్నా హాల్లో, అందరి మధ్యన, పగటిపూట, కుర్చీలో కూర్చుని తన కాఫీ తాగింది. రెండో గుటకకే తలనొప్పి తగ్గింది. యోసేపు ఆమె కప్పులోంచి ఒక గుటక తాగి మొహం వికారంగా పెట్టాడు.

"నీకు పడదు తియ్," అంది ఆమె కప్పు వెనక్కి లాక్కుంటూ. "నీ చాయ్ నువ్వు తాగు."

బెన్నీ రెండు కిడ్నీలతోనూ సాయంత్రం బండికి డోర్నకల్ వెళ్లిపోయాడు. చక్రాల కుర్చీ తెచ్చినాయన దాని మీదే మిగిలిన కొబ్బరి బోండాలు పెట్టుకుని తోసుకుపోయాడు. తెల్లారి ఫ్రిజ్ మీది కాగితంలో ఒక వరస పెరిగింది. ఐదూ యాభైకి కాఫీ, హన్నాది, ఎవరూ అడ్డం రాకూడదు. మరునాటి నుంచి ఆ వేళకు ఇంట్లో లేకుండా పోవడం యోసేపు తన డ్యూటీగా పెట్టుకున్నాడు. కన్యాకుమారికి టికెట్లు మాత్రం హన్నాను అడిగి, ఆమె చెప్పిన తారీఖుకు తీశాడు.

అయితే ఊరంతా చేసిన ప్రార్థనను ఉట్టిగా వదిలేయడం అయ్యగారికి ఇష్టం లేకపోయింది. ఆదివారం ఆరాధనలో ప్రకటనలు చదువుతూ, సహోదరుడు యోసేపుగారికి కలిగిన సంపూర్ణ స్వస్థత కోసం దేవునికి స్తోత్రమన్నారు. సంఘమంతా చప్పట్లు కొట్టింది. యోసేపు లేచి నిలబడి వినయంగా చేతులు జోడించాడు. ఏ జబ్బు నయమైందని ఎవరూ అడగలేదు గానీ, ఆడవాళ్ల వరసలోంచి హన్నా అన్న ఆమేన్ మాత్రం అందరికంటే గట్టిగా వినబడింది.